సూత్రములనుండి వాక్యవిశ్లేషకము

పాణిని కంప్యూటరునకు వ్యాకరణము రచించెనని నేఁడు సభలలోఁ దఱచుగా వినవచ్చుచున్నది. వినుట కింపైన మాటయే. కాని యందు సత్యమెంత, ప్రశంస యెంత యని విడఁదీయక యంగీకరించుట శాస్త్రాభ్యాసము చేసినవారికిఁ దగదు. వ్యాకరణసూత్రములను వ్రాసి యిచ్చినచో, వానినిబట్టి వాక్యమును విడఁదీయఁగల క్రమమును దానంతట నిర్మించు సాధనములు పాశ్చాత్యదేశములఁ బుట్టి యేఁబదియేండ్లకుఁ బైఁబడినది. అట్టి క్రమమును వారు పార్సరందురు, మనము వాక్యవిశ్లేషకమనవచ్చును. ఈ సాధనముల పుట్టుకయు, మన శాస్త్రముతో వానికిఁ గల చుట్టఱికమును, తెలుఁగును ముట్టునప్పటికి వానికిఁ గలిగిన చిక్కును నిచ్చట వివరించెదను.

1956లో నోమ్ చామ్‌స్కీ యను పండితుఁడు వ్యాకరణములను వాని సూత్రముల శక్తినిబట్టి తరగతులుగా విభజించెను. పరిసరము నపేక్షింపక ఒక సంజ్ఞను మఱికొన్ని సంజ్ఞలుగా విడఁదీయు సూత్రములు కలవి యొక తరగతి. పరిసరమును జూచి ప్రవర్తించు సూత్రములు కలవి మఱియొక తరగతి. 1959లోఁ బ్యారిసు నగరమున యునెస్కోవారి సభలో జాన్ బాకస్, యంత్రభాషయొక్క వాక్యనిర్మాణమును మొదటి తరగతి సూత్రములతోఁ జెప్పు పద్ధతిని ప్రకటించెను. మఱుసటి యేఁట వెలువడిన ఆల్గాల్ భాషానివేదికలో పీటర్ నౌర్ దానిని సంస్కరించి వాడెను. 1964లో డొనాల్డ్ కనూత్ ఇరువుర పేరులను జేర్చి దానిని బాకస్-నౌర్ రూపమనుట యుచితమనెను. 1967లో పీటర్ ఇంగర్మన్ ఒక చిన్న లేఖ ప్రకటించి, ఇట్టి సంకేతపద్ధతిని పాణిని యెన్నఁడో కల్పించెను గావున దీనిని పాణిని-బాకస్ రూపమనవలెనని సూచించెను. మన సభలలో వినఁబడు మాటకు మూలములలో నీ లేఖ యొకటి.

ఇంగర్మన్ ప్రతిపాదనము సగము యుక్తము. భాషనుగూర్చి చెప్పుటకు వేఱొక భాషను గల్పించుట, పదునాలుగు ప్రత్యాహారసూత్రములతో వర్ణముల గుంపులకుఁ జిన్న పేరు లేర్పఱచుట, పునరుక్తి లేకుండ సుమారు నాలుగువేల సూత్రములలో శాస్త్రమును ముగించుట, ఇవి పాణినియందు నిశ్చయముగాఁ గలవు. కాని సూత్రముల జాతి వేఱు. అష్టాధ్యాయిలో స్థాని షష్ఠియందును, ఆదేశము ప్రథమయందును, పరనిమిత్తము సప్తమియందును, పూర్వనిమిత్తము పంచమియందును జెప్పఁబడును. అనఁగా విభక్తియే పరిసరమును దెలుపు సంజ్ఞ. ఇ-వర్ణమునకు యకార మాదేశమగుట పరమున అసవర్ణమైన యచ్చున్నప్పుడే కాని యూరక కాదు. బాకస్ సూత్రములకుఁ బరిసరాపేక్ష లేదు. ఈ భేదమును ఫ్రిట్స్ స్టాల్ 1965లోనే, అనఁగా ఇంగర్మన్ లేఖకు రెండేండ్లు ముందుగనే, చూపియుండెను. లేఖ ప్రసిద్ధమైనది, స్టాల్ వ్యాసము పండితులకే పరిమితమైనది. మఱియు పాణినీయము అర్థమునుండి పదమును సాధించును; విశ్లేషకము పదమునుండి యర్థమునకుఁ బోవును. దిక్కు తిరుగఁబడినది.

ఇఁక సాధనముల సంగతి. సూత్రముల నిచ్చినచో వాక్యమును ఎడమనుండి కుడికి నొక్కపరియే చదువుచు విడఁదీయు పట్టికను గట్టవచ్చునని 1965లోఁ గనూత్ నిరూపించెను. ఆ పట్టిక మితిమీఱి పెద్దదగుటచే 1969లో డిరెమర్ దానిని గుదించు మార్గమును జూపెను. దాని నాధారముచేసికొని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ యాక్ అను సాధనమును నిర్మించి, 1975లో దాని వివరణమును బ్రకటించెను. యాక్ అనఁగా నాంగ్లమునఁ జమరీమృగము. 1985లో రాబర్ట్ కార్బెట్ అట్టిదే మఱియొకటి రచింపఁగా దానికి బైసన్, అనఁగా నడవిదున్న, యని పేరయ్యెను. రిచర్డ్ స్టాల్‌మన్ దానిని యాక్ వ్యాకరణములకును బనికివచ్చునట్లు సవరించెను. మూలప్రతి నెవరైనఁ జదువవచ్చును, దిద్దవచ్చును, పంచిపెట్టవచ్చును; దిద్దినదానిని బంచినచో నదే స్వాతంత్ర్యమును బరులకును నీయవలెనని గ్నూ నిబంధన. అయితే సాధనము పుట్టించిన విశ్లేషకమునందు సాధనముయొక్క భాగము కొంత చేరియుండుటచే, నా నిబంధన వ్యాకరణకర్తను గూడఁ గట్టునా యను శంక కలిగెను. పిదపఁ బ్రత్యేకమైన మినహాయింపు వ్రాసి దానిని దీర్చిరి. టెరెన్స్ పార్ నిర్మించిన ఆంట్లర్ అను సాధనము నేఁడు మిక్కిలి వ్యాప్తిలో నున్నది.

ఈ సాధనములు పండితులకు మిక్కిలి పరిచితమైన యొక చిక్కులోఁ బడును. అది సూత్రముల విప్రతిషేధము. రెండు సంఖ్యలనడుమఁ దీసివేఁత గుర్తుంచిన నదియు నొక సంఖ్యయే యని సూత్రము వ్రాసి, 9 − 4 − 2 అను వాక్యమునిత్తము. మొదటి తీసివేఁతను ముందు ముగించినఁ బర్యవసానము 3. రెండవదానిని ముందు ముగించిన 7. ఇట్టియెడ యాక్ హెచ్చరికనిచ్చి, ముగింపక ముందునకుఁ జదువుటయే మేలని యెంచును. అందువలన 7 వచ్చును, అది తప్పు. వ్యాకరణకర్త ఎడమవైపు ముందని యొక పరిభాషను జేర్చినఁ గాని సరియగు ఫలము రాదు. రెండు సూత్రము లొక్కసారి ముగింపఁదగియున్నచో, యాక్ పుస్తకమున ముందు వ్రాసినదానిని గ్రహించును. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున రెండవ సూత్రము తుల్యబలవిరోధమునఁ బరమైనదానిని గ్రహింపుమనుచున్నది! చమరీమృగ మొకవైపు లాగఁగా నాచార్యుఁ డింకొకవైపు లాగినాఁడు. పరశబ్దమున కిష్టమని భాష్యకారుఁ డర్థము చెప్పిన విషయము విదితమే. 2022లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునుండి వెలువడిన ఋషి రాజ్‌పోపట్ సిద్ధాంతగ్రంథము, పరమనఁగా సూత్రపాఠమునఁ బిదపదియని కాక, శబ్దరూపమునఁ గుడివైపు కార్యమని ప్రతిపాదించినది. దానిపై వివాదము తీఱలేదు. పూర్వవ్యాఖ్యాతల నంత సులభముగఁ ద్రోసిపుచ్చరాదని నాకుఁ దోఁచుచున్నది.

యంత్రభాషలో సందిగ్ధత దోషము. మనుష్యభాషలో నది సహజము. అందుచేతనే 1985 ప్రాంతమున మసారు తొమితా యను జపానుదేశస్థుఁడు, విరోధము కలిగినచో రెండు మార్గములను సమముగ నడుపు విశ్లేషణక్రమమును మనుష్యభాషలకై కల్పించెను. బైసన్ సైతము పిదప నిట్టిదాని నలవఱచుకొన్నది. తెలుఁగున "వారిల్లు విడిచిరి" యను వాక్యమును జూడుఁడు. వారు, ఇల్లు అని విడఁదీసిన వారే కర్త. వారి, ఇల్లు అని విడఁదీసినఁ గర్త యధ్యాహార్యము. శాస్త్రము ననుసరించువాఁడు రెండవదానిని వారియిల్లని వ్రాయును గాని లోకమున వారిల్లనుటయుఁ గలదు. శాస్త్రము దృఢమైనకొలఁది యంత్రమునకు సుఖము. వ్యవహారమునకుఁ బోయినకొలఁది దుఃఖము.

ఇంతకన్నఁ బెద్ద చిక్కు పదక్రమము. బాకస్ సూత్రములు ముందువెనుకలను జెప్పును. "బాలుఁడు పుస్తకమును జదివెను" అను మూఁడుపదములను ఆఱువిధముల మార్చి పలికినను గర్తృకర్మములు మాఱవు. ఐదు పదములకు 120 క్రమములు. పద్యమున నివి యెట్లైన రావచ్చును. పాఠశాలలోఁ బద్యము చెప్పు పండితుఁడేమి చేయును? దండాన్వయమునఁ బదములను గద్యక్రమమునఁ బేర్చును. ఖండాన్వయమున ముందు క్రియను బట్టుకొని, ఎవఁడు, దేనిని, దేనిచేత, ఎవరికొఱకు అని యాకాంక్షను బెంచుచుఁ బోవును. క్రియ వేరు, కారకములు కొమ్మలు. కాన్పూరు ఐ.ఐ.టి.లో వినీత చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు అక్షర భారతి యను పేరఁ జేసిన పని యీ ఖండాన్వయమునకు యంత్రరూపము. ఆకాంక్షాయోగ్యతాసన్నిధులను నియమములుగాఁ గొని కారకసంబంధములను నిర్ణయించు పద్ధతిని వారు 1995లో గ్రంథముగఁ బ్రకటించిరి. తరువాత నా పని హైదరాబాదునకు వచ్చెను. 2009లో నచటనే హిందీ, బంగాళీ, తెలుఁగు వాక్యముల విశ్లేషణమునకుఁ బోటీ జరిగెను. ఆ వాక్యములకుఁ బెట్టిన గుర్తులలోఁ గకారము కారకమునకు సంజ్ఞ: క1 కర్త, క2 కర్మ, క3 కరణము, క4 సంప్రదానము, క5 అపాదానము, క7 అధికరణము. ఈ పట్టికను జదువుటకుఁ బండితునకు వ్యాఖ్య యక్కఱలేదు.

సంధిని విడఁదీయుట వేఱొక కార్యము. మా ధవళేశ్వరమున గోదావరి గౌతమీ వసిష్ఠలుగాఁ జీలును. కాలువల లాకులు దాఁటి నీరు బోదెలకుఁ బోవుట యెల్లరు నెఱుఁగుదురు. ఒక బోదెలోని నీటిని జూచి, యది యే తూముగుండ వచ్చెనో చెప్పుమన్నఁ జెప్పుట కష్టము. సంధివిశ్లేషణ మట్టిది. ఫ్రాన్సు దేశమున జెరార్ హ్యూయే సంస్కృతసంధిసూత్రములను దలక్రిందు చేసి, పదకోశముతోఁ బొసఁగు విభాగములనన్నిటిని జూపు సాధనమును గట్టి, దాని మూలమును లోకమునకు విడిచెను. హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృతశాఖలో అంబా కులకర్ణి గారి సంసాధని సంధివిచ్ఛేదమునుండి కారకనిర్ణయమువఱకు నడచుచున్నది. 2009 జనవరిలో సంస్కృతగణనభాషాశాస్త్ర సదస్సు, మూఁడవది, ఆ విశ్వవిద్యాలయముననే జరిగెను.

తెలుఁగుసంధికి సాధన మింత సులభముగ లొంగదు. 1858 నాఁటి బాలవ్యాకరణమున నత్సంధి బహులముగఁ జెప్పఁబడినది. బహులమనఁగా నొకచోఁ బ్రవృత్తి, ఒకచో నప్రవృత్తి, ఒకచో వికల్పము, ఒకచో నన్యవిధము. వికల్పమును యంత్రము గ్రహింపఁగలదు, రెండు మార్గములు నడుపును. తక్కినవానికి లక్ష్యములను జూపవలెను. సీత, అమ్మ అనునవి సీతమ్మ యగును. సీత, ఇచ్చెను అనునవి సీత యిచ్చెనగును. ఒక్క శబ్దముననే యిన్ని తెఱఁగులున్నప్పుడు, ఏ పదము ప్రవృత్తిపక్షమునఁ జేరునో, ఏది యప్రవృత్తిపక్షమునఁ జేరునో ప్రయోగములను వెదకి పట్టిక వ్రాయవలసినవారు తెలుఁగు పండితులే. బైసన్ వంటి సాధనము మూల్యము లేకయే లభించును. పట్టిక మాత్రము మనలో నెవరైనను గూర్చుండి వ్రాయవలసినదే.