ఉదయగిరి అని వెతికితే

గూగుల్‌లో ‘ఉదయగిరి’ అని కొట్టి చూడండి. ముందు ఒడిశా వస్తుంది, భువనేశ్వర్ పక్కనున్న ఖండగిరి, ఉదయగిరి గుహలు. తర్వాత మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గరి గుప్తుల నాటి వరాహమూర్తి. ఇంకొంచెం కిందికి పోతే కన్యాకుమారి జిల్లాలో ఒక కోట. నెల్లూరు జిల్లా ఉదయగిరి, మూడు వేల అడుగుల కొండనెత్తిన కోట పెట్టుకుని కూడా, వీళ్లందరి వెనక నిలబడి ఉంటుంది. ఆత్మకూరు సంగతి ఇంకా అన్యాయం. నంద్యాల జిల్లాలో ఒకటి, వనపర్తిలో ఒకటి, హనుమకొండలో, సూర్యాపేటలో, అనంతపురంలో ఒక్కొక్కటి. సోమశిలకి పోయే దారిలోని మా ఆత్మకూరు కావాలంటే ప్రతిసారీ ‘నెల్లూరు’ అని తోక తగిలించాలి.

మా అమ్మమ్మవాళ్ల పల్లె ఈ రెండు ఊళ్లకీ మధ్య ఉంటుంది. అమ్మమ్మ పోయాక ఇల్లు అమ్మేశారు. ఇక అక్కడికి వెళ్లడానికి నాకు పనేమీ లేకుండా పోయింది. ఆ ఏడాదే, హైదరాబాదులో కూర్చుని, రాత్రిళ్లు ఆ ఊరి పేరు నెట్‌లో వెతకడం మొదలుపెట్టాను. పిన్‌కోడు వచ్చింది. జనాభా వచ్చింది. దగ్గర్లో ఏ పెట్రోలు బంకు ఉందో కూడా వచ్చింది. అంతే.

దారి చూపించిన పుస్తకం 1905 నాటిది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అని ఇద్దరు ఐసీఎస్ అధికారులు నెల్లూరు జిల్లా రాగిరేకులూ, రాతిశాసనాలూ పోగుచేసి మూడు భాగాలుగా మద్రాసులో అచ్చు వేయించారు. మూడూ ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. శాసనాలన్నీ తాలూకాల వారీగా ఉంటాయి. ఆత్మకూరు తాలూకా, ఉదయగిరి తాలూకా అని వేరువేరు విభాగాలు. మీది ఆ ప్రాంతమైతే ముందు దీన్నే దించుకోండి. మిగతావి తర్వాత.

వెతకడంలో ఒక చిక్కుంది. మండలాలు 1985లో వచ్చాయి, ఈ పుస్తకాలకి అవి తెలియవు. ఇవాళ దుత్తలూరు మండలమో, వరికుంటపాడు మండలమో అనుకునే ఊళ్లని ఉదయగిరి తాలూకా కింద వెతకాలి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి అటు పోయాయి. కాబట్టి భైరవకోన గుహాలయాల గురించి పాతవాళ్లు రాసిందంతా నెల్లూరు జిల్లా పేరు మీదే దొరుకుతుంది. తెలుగు లిపిలో కొట్టి వెతికితే స్కాన్ చేసిన పాత అచ్చు పట్టుబడదు. కళ్లతోనే పేజీలు తిప్పాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఆర్కైవ్‌లోకి చేరిన తెలుగు పుస్తకాలైతే మరీను. పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒకే పుస్తకాన్ని నాలుగు రకాల స్పెల్లింగులతో వెతికిన రాత్రులున్నాయి. ఇది పరిశోధనా, చాదస్తమా అని మా ఆవిడ ఇప్పటికీ తేల్చుకోలేదు.

అలా తిప్పుతుండగా మా పల్లె పేరు కనిపించింది. గుడి ముందున్న రాయి మీద ఒక చిన్న దానశాసనం. దేవుడికి ఎవరో పొలం ఇచ్చారు. చివర మామూలు శాపం: ఈ భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. రాత్రి పదకొండుకి మా మామయ్యకి ఫోన్ చేశాను.

“ఏందబ్బయ్యా ఈ వేళప్పుడు? అందరూ బాగుండారా?”

రాయి సంగతి చెప్పాను.

“ఆ రాయా? యాడికీ పోలా. గుడి బాగుచేసేటప్పుడు తీసి బోరు కాడ ఏసినారు. దాని మింద కూసోనే కదా మేం పళ్లు తోముకొనేది.”

నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. పుస్తకం నూట ఇరవయ్యేళ్లుగా ఆ రాయి గుడి ముందుందనే చెబుతోంది. ఇంకో నూరేళ్లయినా అదే చెబుతుంది. రాయి మాత్రం కదిలిపోయింది, సంగతి బోరు దగ్గరి నలుగురికే తెలుసు.

రాళ్లు కదలడం ఆ వైపు కొత్తేమీ కాదు. ఉదయగిరి చరిత్రలో అందరికీ తెలిసిన ఘట్టమే ఒక విగ్రహం కదిలిన కథ. గజపతుల చేతిలో ఉన్న కోటని కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. హంపీలో ఆ కృష్ణాలయం ఇప్పటికీ ఉంది, అందులో విగ్రహం లేదు. దెబ్బతిన్న ఆ బాలకృష్ణుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాడు. నెట్‌లో ఆయన బొమ్మ కావాలంటే హంపీ అనో, చెన్నై అనో వెతకాలి. ఉదయగిరి అంటే పలకడు.

అచ్చులో, కాబట్టి నెట్‌లో, ఈ ప్రాంతానికి దొరికేదంతా ఇలాంటిదే. ఎవరు గెలిచారు, ఎవరికి ఇచ్చారు, ఎంత పన్ను. రాయల తర్వాత గోల్కొండ వాళ్లొచ్చారు, కొండ మీద మసీదులు కట్టారు. 1839లో కుట్ర పన్నాడని జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్‌ని కుంఫిణీ వాళ్లు చెంగల్పట్టుకి పంపించి జాగీరు లాగేసుకున్నారు. 1873లో బోస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్, ఇంపీరియల్ గెజిటీర్ రెండూ ఉచితమే. ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఇదంతా పోగవుతుంది. కలెక్టరు గుర్రం మీదినుంచి ఊళ్లు ఎట్లా కనబడతాయో బాగా అర్థమవుతుంది. మా అమ్మమ్మలాంటి మనిషి మాత్రం అందులో ఒక్క వాక్యంలోనూ తగలదు.

పోనీ, అది పాతకాలం అనుకుందాం. దూబగుంట కలిగిరి మండలంలో ఊరు, ఉదయగిరికి ఆమడ దూరం కాదు గానీ మా వైపే. అక్షర దీపం చదువుల్లో ‘సీతమ్మ కథ’ పాఠం విన్న ఆడవాళ్లు 1992లో సారా కొట్లు మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం, 1995లో మద్యనిషేధం వచ్చాయి. ప్రభుత్వ ఖజానాని కదిలించిన ఉద్యమం అది. దాని మీద మంచి వ్యాసాలు ఇంగ్లీషు పరిశోధన పత్రికల్లో, లాగిన్ అడిగే తలుపుల వెనక ఉన్నాయి. అయిదొందల ఏళ్ల కిందటి రాజుగారి దానం పడుకుని ఫోనులో చదువుకోవచ్చు. ముప్పై ఏళ్ల కిందటి ఆడవాళ్ల మాట కావాలంటే ఊరికి పోయి, వాళ్లు బతికుండగానే అడగాలి. 1992 నాటి జమీన్ రైతు సంచికలు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే, చెదలకి వదిలెయ్యకండి. ఫోనుతో ఫొటోలు తీసి ఆర్కైవ్‌లో పెట్టడం గంట పని.

మామయ్యకి మళ్లీ ఫోన్ చేశాను. రాయిని గీకొద్దు, సబ్బు పెట్టొద్దు, నీళ్లు చల్లి, పొద్దుగూకేటప్పుడు ఎండ ఏటవాలుగా పడుతుంటే ఫొటో తియ్యమన్నాను. మూడో రోజు వాట్సాప్‌లో వచ్చింది. అక్షరాలు బాగానే కనబడుతున్నాయి, కింది రెండు వరుసలు మాత్రం అరిగిపోయాయి. పుస్తకంతో పోల్చి చూశాను. పోయినవి శాపం ఉన్న వరుసలే.

“ఏముండాది అందులో?” అన్నాడు మామయ్య.

చదివి వినిపించాను. అరవై వేల ఏళ్ల పురుగు దగ్గరికి వచ్చేసరికి ఆయన కాసేపు మాట్లాడలేదు.

“ఆ మాన్యం ఇప్పుడెవురి కింద ఉండాదో నాకు తెలుసులే,” అన్నాడు. “పండక్కి రా, చెప్తా. ఫోన్లో వొద్దు.”