షోలాపూర్ జొన్న, మన ఇంటి రొట్టె

మా ముత్తాత కరీంనగర్ వైపు పల్లె నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చారు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు మొదలైంది. మగ్గాలనూ మిల్లులనూ నమ్ముకుని మన పద్మశాలి కుటుంబాలెన్నో తెలంగాణ నుంచి వచ్చి ఊరికి తూర్పున స్థిరపడ్డాయి. వీధిలో మాట మరాఠీ అయింది గానీ కంచంలో జొన్న మారలేదు.

అయితే రెండూ ఒకటే జొన్న కాదు. అవ్వ అనేది: "మన ఊళ్లె పచ్చజొన్న వానకాలం పంట, గట్కకు మంచిగుంటది. ఇక్కడిది యాసంగి జొన్న, ముత్యమోలె తెల్లగుంటది."

దానికి కారణం వాన. సహ్యాద్రి కొండలు మేఘాలను అడ్డుకోవడంతో షోలాపూర్‌కు వాన తక్కువ, మిగతా నెలలకంటే సెప్టెంబరులో ఎక్కువ పడుతుంది. అందుకే రైతులు వానకాలమంతా చేను దున్ని ఖాళీగా ఉంచి, సెప్టెంబరు-అక్టోబరులో విత్తుతారు. ఆ తర్వాత వాన పడకపోయినా నల్లరేగడి దాచుకున్న తేమతోనే పంట చేతికొస్తుంది. నేల ఎండి నెర్రెలు బారితే తేమ పోతుంది, వేళ్లు తెగుతాయి. అందుకే గుంటక తోలి నెర్రెలు పూడుస్తారు. గింజ మనకు, చొప్ప పశువులకు.

ఇక్కడి మాల్‌దండి జొన్న నుంచే 1930లలో మోహోళ్‌లో ఎం 35-1 రకాన్ని ఎంపిక చేశారు. అది కర్ణాటక, ఆంధ్ర యాసంగి చేలకూ పాకింది. మంగళ్‌వేఢా జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరువులో బహమనీ సుల్తాను ధాన్యపు కొట్లు తెరిచి జనానికి పంచాడని చెప్పుకునే దామాజీ పంత్‌ది ఆ ఊరే.

ఇక సొంతూరి సంగతి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక అక్కడి మన చుట్టాల ఇళ్లలో అన్నం రోజువారీ తిండి అయింది, జొన్న వెనక్కి పోయింది. ఊరు విడిచిన మనమేమో రొట్టె విడవలేదు.

మొన్న హైదరాబాద్ నుంచి చిన్నమ్మ వచ్చింది. షుగర్ వచ్చిందట, రోజూ బయట జొన్నరొట్టె కొనుక్కుంటున్నారట. "అక్కా, విరగకుంట ఎట్ల చేస్తవే?" అని అమ్మను అడిగింది. జొన్నపిండికి గోధుమపిండి జిగురు ఉండదు. అమ్మ వేడినీళ్లు పోసి, అరచేత్తో బాగా మెదిపి, పీటమీద తట్టి, పెనం మీద వేశాక పైన తడిచెయ్యి తిప్పింది. రొట్టె పొంగింది.

చిన్నమ్మ ఫోన్‌లో వీడియో తీసుకుంది. నేను పక్కన నిలబడి చూశాను. యాభై ఏళ్లుగా తింటున్నాను, ఒక్కటీ తట్టలేదు. మా ఇంట్లో అమ్మ తర్వాత ఆ చెయ్యి ఎవరికీ లేదు. ఈ ఆదివారం పీట ముందు నేనే కూర్చుంటున్నా. మీ ఇంట్లో ఎవరికి వచ్చో ఒకసారి అడగండి.