పక్కోడి బోరు: సముద్రం అడుగున గ్యాసు ఎవరిది?

రెండు చేన్ల మధ్య గట్టు ఉంటాది. గట్టు కింద పారే నీళ్లకు గట్టు ఉండదు. ఈ మాట గుమ్మఘట్ట మండలంలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. మన బోరు మూడొందల అడుగుల్లో రెండించులు పోస్తా ఉంటే, పక్కాయన బోరుబండి తెచ్చి ఎనిమిదొందలకు దించుతాడు. ఆర్నెల్లకు మన మోటరు గాలి తీస్తాది. పంచాయితీ పెడితే ఆయన అడిగేది ఒకటే: "నేను నా చేన్లో వేసుకున్నా, నీ చేన్లోకి వచ్చినానా?"

ఇదే మాట కాకినాడ ఎదురుగా, సముద్రం అడుగున, వేల కోట్ల రూపాయల మీద నడిచింది. ఇంకా తెగలేదు. మనకు సముద్రం మూడొందల కిలోమీటర్ల పైనే దూరం. అయినా ఆ కథ మనం తెలుసుకోవాల. ఒకటి, మనం చల్లే యూరియా గ్యాసుతోనే తయారవుతాది. కాకినాడ నాగార్జున ఫ్యాక్టరీ గోదావరి గ్యాసును నమ్ముకునే 1992లో మొదలైంది. రెండోది, భూమి కింద ఉండేది ఎవరిదనే ప్రశ్నకు సర్కారు నేల మీద ఒక జవాబు, సముద్రంలో ఇంకో జవాబు చెప్పింది. పోస్టు పొడుగైంది, కొంచెం ఓపిక పట్టి చదవండి.

మొదట నేల మీది జవాబు. 1882లో తెల్లోళ్లు ఈజ్‌మెంట్స్ చట్టం చేసినారు. అనంతపురం జిల్లా పుట్టింది కూడా ఆ ఏడాదే (మన రాయదుర్గం తాలూకా మాత్రం 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండింది). కాలువ మాదిరి తెలిసిన దారి లేకుండా భూమి కింద ఊరే నీళ్లను తన హద్దులోపల ఎంతైనా తోడుకునే హక్కు భూమి యజమానికి ఉందని ఆ చట్టం చెప్పింది. బావికి కపిల కట్టి తోలే కాలంలో అది చెల్లింది. ఎద్దులు ఎంత తోడతాయి?

చమురు సంగతి వేరు. 1948లోనే కేంద్రం ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం తెచ్చింది, 1959లో దానికి రూల్సు రాసింది. లైసెన్సు లేకుండా వెతకకూడదు, లీజు లేకుండా తీయకూడదు. సముద్రం గురించి రాజ్యాంగం 297వ అధికరణంలో రాసుకున్నాం: దేశ జలాల అడుగున ఉండే ఖనిజాలు కేంద్రానివి. మొదట్లో అది తీరం దగ్గరి జలాలకే. 1963 సవరణతో ఖండతీరపు అడుగు కూడా చేరింది. 1976లో ఇంకో సవరణ, దాంతో పాటు సముద్ర మండలాల చట్టం వచ్చి, తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా సంపద మీద హక్కు మనదన్నాయి. అది 370 కిలోమీటర్లు. ఆ తొందరకు కారణం ఉంది. 1974లో ముంబై తీరానికి అవతల 'సాగర్ సామ్రాట్' రిగ్గుతో ఓఎన్‌జీసీ బాంబే హై చమురు కనిపెట్టింది. సంపద కనబడినాకనే హద్దు రాయి పాతడం మనుషుల అలవాటు, దేశాల అలవాటు కూడా.

ఇక్కడ ఒక మెలిక గుర్తు పెట్టుకోండి. ఒడ్డున తీసిన చమురు, గ్యాసు మీద రాయల్టీ రాష్ట్రానికి వస్తాది. సముద్రంలో తీస్తే కేంద్రానికి పోతాది. పైపులు దిగేది మాత్రం కోనసీమ, కాకినాడ ఊళ్ల లోకే.

ఆ ఊళ్లు ఏం చూసినాయో చెప్తా. 1995 జనవరి 8న తూర్పుగోదావరి జిల్లా పాసర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి అదుపు తప్పింది. బావి తవ్వేటప్పుడు లోపల బరువైన మట్టి ద్రావణం నింపి ఉంచుతారు. కింది గ్యాసు ఒత్తిడిని ఆ బరువే అణచిపెట్టాల. బరువు చాలకపోతే గ్యాసు పైకి తంతాది. అట్లా తన్నిన గ్యాసు అంటుకుని 65 రోజులు మండింది. ఊళ్లు ఖాళీ చేయించినారు, కొబ్బరి తోటలు మాడిపోయినాయి. అమెరికా నుంచి మంటలు ఆర్పేవాళ్లను పిలిపిస్తే మార్చి 15కు గాని ఆరలేదు. నేల మీద, రోడ్డు పక్కన ఉండే బావికే ఇంత పని పట్టింది. అదే నడి సముద్రంలో అయితే?

ఆ ప్రశ్నకు అప్పటికే బ్రిటన్ జవాబు చూసి ఉండింది. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా వేదిక కాలి 167 మంది చనిపోయినారు. లార్డ్ కల్లెన్ విచారణ చేసి 1990లో 106 సిఫార్సులు ఇచ్చినాడు. వాటిలో మనకు పనికొచ్చేది ఒకటి: చమురు ఎక్కువ తీయించే శాఖ చేతిలో భద్రత తనిఖీ ఉండకూడదు. పంట కొనే సేటే తూకం రాళ్లు కూడా పరీక్ష చేస్తానంటే ఒప్పుకుంటామా? అట్లాగే ఇది. బ్రిటన్ ఆ పనిని వేరే సంస్థకు మార్చింది. అమెరికా మార్చలేదు. 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది పోయి, నెలల తరబడి సముద్రంలోకి చమురు కారినాక గాని, రాయల్టీ వసూలూ భద్రతా ఒకే చేత చూసే ఆఫీసును ముక్కలు చేయలేదు.

మన దేశంలో కూడా రూలు ప్రమాదం వెనకనే వచ్చింది. 2005 జూలై 27న బాంబే హై నార్త్ వేదికను ఒక నౌక గుద్దింది. గ్యాసు అంటుకుంది, 22 మంది పోయినారు. 2008లో సముద్రంలో చమురు పనుల భద్రతకు ప్రత్యేకం రూల్సు వచ్చినాయి. వాటిని చూసే బాధ్యత ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్‌ది. నేల మీది బావులను చూసేది మాత్రం గనుల భద్రతా శాఖ, అది కార్మిక శాఖ కింద ఉంటాది. సముద్రంలో చూసే డైరెక్టరేట్ పెట్రోలియం శాఖ కిందనే ఉంది. ఓఎన్‌జీసీ యజమాని తరఫున కూర్చునేదీ ఆ శాఖే, బ్లాకులు వేలం వేసేదీ ఆ శాఖే. కల్లెన్ చెప్పిన మాట మన దగ్గర సగమే చేరింది.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. మన కోరు, గుత్త తెలిసినోళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతాది.

1999లో కేంద్రం కొత్త అన్వేషణ విధానం కింద ప్రైవేటు కంపెనీలకూ బ్లాకులు వేలం వేసింది. కృష్ణా గోదావరి లోతట్టు సముద్రంలో డీ6 అనే బ్లాకు రిలయన్స్, నైకో కంపెనీలకు దక్కింది. 2002లో గ్యాసు పడింది. ఒప్పందం ఏమంటే, ముందు కంపెనీ తన ఖర్చు మొత్తం తీసుకోవాల, మిగిలిన లాభంలో సర్కారుకు వాటా. మొదట్లో ఆ వాటా పదో వంతు, కంపెనీ మిగులు పెరిగే కొద్దీ పెరుగుతా పోవాల. అంటే కోరుకు చేసే ఆయన "ముందు విత్తనం, ఎరువు, కూలీ ఖర్చు నేను తీసుకుంటా, మిగిలింది పంచుకుందాం" అన్నట్టు. అప్పుడు భూమి ఆసామి ఏం చేయాల? ఖర్చుల చీటీ చూడాల. 2004లో 240 కోట్ల డాలర్లన్న ఖర్చు అంచనా, 2006కు 880 కోట్ల డాలర్లయింది. గ్యాసు రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్ల బదులు 8 కోట్లు తీస్తామన్నారు. రెట్టింపు గ్యాసుకు మూడున్నర రెట్ల ఖర్చు. 1993లో పెట్టిన హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ ఆ చీటీకి ఒప్పుకుంది. 2011లో కాగ్ ఈ పద్ధతినే తప్పు పట్టింది. ఇట్లాంటి ఒప్పందంలో కంపెనీకి ఖర్చు తగ్గించుకోవాలనే ఆలోచన ఎందుకు వస్తాదని అడిగింది.

ఈలోపల అన్నదమ్ముల తగాదా. 2005లో అంబానీ సోదరులు ఆస్తి పంచుకున్నప్పుడు, తమ్ముడి కంపెనీకి 2.34 డాలర్ల రేటుకు గ్యాసు ఇవ్వాలని ఇంటి ఒప్పందం రాసుకున్నారు. 2007లో సర్కారు రేటు 4.20 డాలర్లు చేసింది. ఏ చీటీ చెల్లుతాదని కోర్టుకు పోయినారు. 2010 మే 7న సుప్రీంకోర్టు తేల్చింది: గ్యాసు జనం సంపద, వాళ్ల తరఫున సర్కారు యజమాని, ఇంటి చీటీ సర్కారు విధానానికి లోబడే ఉండాల. కోరుకు చేసే ఇద్దరు అన్నదమ్ములు ఆసామిని అడక్కుండా పంట పంచుకుంటే చెల్లదు అన్నట్టు. ఈ దేశంలో భూగర్భ సంపద మీద వచ్చిన పెద్ద తీర్పుల్లో ఇదొకటి.

తీర్పు వచ్చింది, గ్యాసు పోయింది. 2009 ఏప్రిల్‌లో మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన ఉత్పత్తి, 2013 నాటికి 2 కోట్ల కంటే కిందికి పడింది. భూమి లోపలి పొరలు అనుకున్నట్టు లేవని కంపెనీ, చెప్పినన్ని బావులు వేయలేదని సర్కారు. గ్యాసు మీద నమ్మకంతో కట్టిన కరెంటు ప్లాంట్లు గోదావరి జిల్లాల్లో, కొండపల్లిలో పని లేక నిలిచినాయి. ఉన్న గ్యాసులో ముందు వంతు ఎరువులకే అని 2008లో మంత్రుల బృందం రాసిపెట్టడం ఒక్కటే మన అదృష్టం.

దెబ్బ తిన్నాక 2016లో విధానం మార్చినారు. ఖర్చుల చీటీతో పని లేదు, వచ్చిన రాబడిలో మొదటి రోజు నుంచే వాటా. కళ్లంలో కుప్ప కొలిచి సగం తీసుకున్నట్టు. మన ముసలోళ్లకు ఎప్పుడో తెలిసిన లెక్క, ఢిల్లీకి చేరడానికి పదిహేడేండ్లు పట్టింది.

ఇక అసలు కథ, పక్కోడి బోరు. డీ6 పక్కనే ఓఎన్‌జీసీ బ్లాకులు ఉన్నాయి. తమ బ్లాకులోని గ్యాసు అటు జారిపోయి రిలయన్స్ బావుల్లో పైకి వస్తా ఉందని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకు పోయింది. ఎవరి మాట నిజమో తేల్చను అమెరికా నిపుణుల సంస్థ డీగోల్యర్ అండ్ మెక్‌నాటన్‌ను పెట్టినారు. 2015లో వాళ్లు గ్యాసు జారింది నిజమే అన్నారు. జస్టిస్ ఏపీ షా కమిటీ 2016లో ఇంకో మాట చెప్పింది: నష్టపరిహారం రావాల్సిందే, అయితే ఓఎన్‌జీసీకి కాదు, అసలు యజమాని సర్కారుకు. సర్కారు 155 కోట్ల డాలర్లు కట్టమంది. కంపెనీ జవాబు మనం పంచాయితీలో వినేదే: నా హద్దులో నేను బావి వేసుకున్నా, ఒప్పందం దాటలేదు. 2018లో మధ్యవర్తులు ఇద్దరికొకరు తేడాతో కంపెనీ వైపు చెప్పినారు. 2023లో హైకోర్టు ఒక జడ్జి అదే ఖాయం చేసినాడు. 2025 ఫిబ్రవరి 14న అదే కోర్టు ఇద్దరు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. వెంటనే సర్కారు 281 కోట్ల డాలర్లకు నోటీసు ఇచ్చింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయింది.

ఈ తగాదాకు మందు ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. అమెరికాలో ఒకప్పుడు భూమి కింది చమురును అడవి జంతువు మాదిరి చూసినారు, ఎవరి చేన్లో పట్టుకుంటే వాళ్లదే. 1930లో తూర్పు టెక్సాస్‌లో చమురు పడితే పోటీ పడి బావులు వేసి, పీపా ధర పది సెంట్లకు దించుకున్నారు. 1931 ఆగస్టులో గవర్నరు సైన్యాన్ని పంపి బావులు మూయించినాడు. ఆ దెబ్బలతో నేర్చుకున్నదే 'యూనిటైజేషన్'. రెండు హద్దుల కింద ఒకే నిక్షేపం ఉంటే, ఇద్దరూ దాన్ని ఒకే చేను మాదిరి కలిపి తీసి, లెక్కన పంచుకోవాల. 2025 మార్చిలో మన పార్లమెంటు 1948 చట్టాన్ని సవరించింది. వెయ్యి రూపాయల పాత జుల్మానా 25 లక్షలయింది, జైలు శిక్ష తీసేసినారు.

ఇప్పుడు మన చేన్లకు రండి. వేదవతి మీద మన భైరవానితిప్ప డ్యాముకు నీళ్లు రాకుంటే, ఎగువన వాణీవిలాస సాగరం ఉందని వేలు పెట్టి చూపించొచ్చు. బోరుకు ఎగువ ఏదో దిగువ ఏదో కనపడదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాల, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదు, బోరుబండ్లు రిజిస్టరు కావాల అంది. బోరుబండి ఊర్లోకి వచ్చిన రాత్రి ఆ కాగితం అడిగినోళ్లను మీరెప్పుడైనా చూసినారా?

సముద్రంలో జారిన గ్యాసును కొలవను ప్రపంచంలో పేరున్న నిపుణులు వచ్చినారు, జడ్జీలు కూర్చున్నారు. యజమాని దేశమంతా కాబట్టి, డబ్బు కోట్ల డాలర్లు కాబట్టి. మన కింద జారే నీళ్లకు 1882 నాటి మాటే ఇంకా నడుస్తా ఉంది. కపిల పోయి పది హార్స్‌పవర్ మోటరు వచ్చినా ఆ మాట మారలేదు. వరసగా ఉండే పది చేన్ల కింద ఉండేది ఒకే నీళ్ల పొర అయితే, పది మందీ కలిసి దాన్ని ఒకే చేను మాదిరి చూసుకోవడం తప్ప దారి లేదు. టెక్సాస్‌లో ఆ బుద్ధి సైన్యం వచ్చినాక వచ్చింది, కాకినాడలో కోర్టుకు పోయినాక. మన దగ్గర నీళ్లు పూర్తిగా అడుగంటినాక వస్తే, పంచుకోను ఏమీ మిగలదు. ఈసారి బోరుబండిని పిలిచే ముందర పక్క చేను ఆయనతో ఒక్క మాట మాట్లాడండి.