కోట అందరిదీ, ఫోటో తీసినవారిది



మన ఖిలా వరంగల్ కీర్తి తోరణం బొమ్మ ఓరుగల్లు వాసులకు కొత్త కాదు. క్యాలెండర్ల మీద, సావనీర్ల అట్టల మీద చూస్తూనే ఉన్నాము. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు అది ప్రభుత్వ చిహ్నంలోనూ చేరింది. ఇప్పుడు మన సెల్‌ఫోన్లలో వాట్సాప్ ద్వారా ఆ బొమ్మలు చేతులు మారుతున్నవి. మరి ఆ బొమ్మ ఎవరి సొత్తు? సర్వీసులో ఫైలు చూసినట్లే, దీనినీ వరుసగా చూద్దాము.

మొదటిది రాయి. స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా తోరణాలు నిలిపినవారు కాకతీయులు. 1323లో కోట ఢిల్లీ సైన్యం వశమైనా తోరణాలు మాత్రం నిలిచినవి. శతాబ్దాల నాటి ఈ శిల్పసంపద మీద ఎవరికీ కాపీరైటు లేదు. నిజానికి, కొత్తగా కట్టిన భవనాన్ని ఫోటో తీసినా తప్పు కాదని 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను చెబుతున్నది.

రెండవది ఫోటో. రాయి వేరు, దాని ఫోటో వేరు. ఎండ ఏ వేళ పడుతుందో చూసి, కెమెరా ఎక్కడ నిలపాలో ఎంచుకున్నవారి శ్రమ అది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా లాలా దీన్‌దయాళ్ నిజాం రాజ్యంలోని కట్టడాలను ఫోటోలు తీశారు. వాటిలో మన వరంగల్ కోట ఫోటోలూ ఉన్నవి. ఆయన 1905లో మరణించారు. ఏ లెక్కన చూసినా వాటి గడువు తీరిపోయింది. వాటిని ఎవరైనా అచ్చువేసుకొనవచ్చును.

కాని అన్ని ఫోటోలూ అటువంటివి కావు. 1914 చట్టంలో ఫోటోకు నెగెటివ్ తయారైన నాటి నుండి 50 ఏండ్ల హక్కు ఉండేది. 1957 చట్టం ఆ 50 ఏండ్లను ప్రచురణ నుండి లెక్కించింది. రవీంద్రనాథ్ టాగూర్ రచనల గడువు 1991తో ముగియనుండగా వచ్చిన సవరణతో అది 60 ఏండ్లయింది. 2012 సవరణ తరువాత ఫోటోగ్రాఫర్ జీవితకాలము, ఆపైన మరో 60 ఏండ్లు. కాబట్టి నిన్న మొన్న ఎవరో కుర్రవాడు తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన తోరణం ఫోటో, అతని మనుమల కాలం దాకా అతని కుటుంబానిదే కావచ్చును.

ఫోటో మీద పేరు గాని గుర్తు గాని లేదు గనుక ఉచితమని కొందరు అనుకుంటారు. అది సరికాదు. మన దేశంలో హక్కు రావడానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. వికీమీడియా కామన్స్ వంటి చోట ఫోటోలు వాడుకొనమని పెట్టినవారు కూడా చాలామంది తమ పేరు వేయాలని షరతు పెడతారు.

మన ఇండ్లకు సంబంధించిన సంగతులు రెండు. డబ్బిచ్చి తీయించుకున్న పెండ్లి ఫోటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షను ప్రకారం తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. అలాగే మనం ఉద్యోగంలో ఉండగా ప్రభుత్వ పనిగా తీసిన ఫోటో, వేసిన ప్లాను సర్కారువే గాని మనవి కావు.

మరి చేయవలసినదేమి? సంఘం సావనీరులో గాని, కరపత్రంలో గాని ఫోటో వేయదలిస్తే తీసినవారిని అడగండి. ఒక్క ఫోను చాలు, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక కింద పేరు వేయండి. ఎవరిదో తెలియకపోతే ఆ ఫోటో మానుకొని, మనుమనినో మనుమరాలినో కోటకు తీసుకెళ్లి కొత్తది తీయించండి. పిల్లలకు చరిత్రా తెలుస్తుంది.

57వ సెక్షను ప్రకారం, హక్కు అమ్ముకున్నవాడికి కూడా ఇది నా పని అని చెప్పుకునే హక్కు మిగిలే ఉంటుంది. ఆ మాటలో ఎంతో న్యాయమున్నది. పాలంపేట గుడి రామప్ప అనే శిల్పి పేరుతో నిలిచిందని మన పెద్దలు చెబుతారు. మన కోట తోరణాలు చెక్కినవారి పేర్లు మాత్రం మనకు దక్కలేదు. వారి చేతిపనిని చూసి ఫోటో తీసే నేటి పిల్లల పేర్లయినా పోకుండా చూడడం మన చేతిలో పని.