వింటిబద్దయు దాని సమతయు

విల్లును గూర్చిన పదములు మన నిఘంటువులలో సమృద్ధిగ గలవు. అమరసింహుడు ధనువు, చాపము, శరాసనము, కోదండము, కార్ముకము, ఇష్వాసము మొదలగు పర్యాయములను జెప్పి, నడిమి పట్టునకు లస్తకమనియు, కొనలకు కోటి, అటని యనియు, నారికి మౌర్వి, జ్య, శింజిని, గుణము అనియు వేఱువేఱ పేరు లిచ్చెను. తెలుగున విల్లు, సింగిణి, అల్లె, నారి, కొప్పు, వింటిబద్ద యను మాటలు ప్రసిద్ధములు. ఇన్ని పేరులు గల యీ యాయుధమును జేయుటలో మిక్కిలి ముఖ్యమైన క్రియ యొకటి పై పదములలో దేనికిని జిక్కలేదు. నారి లాగినప్పుడు వింటి రెండు సగములును ఒకే తీరున వంగునట్లు బద్దను దిద్దుటయే యా క్రియ. విల్లును విల్లుగా జేయునది కొలతయు గాదు, ద్రవ్యమును గాదు, ఈ దిద్దుబాటే యని నిరూపించుట యీ వ్యాసోద్దేశము.

మొదట గ్రంథములు చెప్పినది చూతము. 1909లో శామశాస్త్రిగారు ముద్రింపించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్ష ప్రకరణము, తాళము, చాపము, దారవము, శార్ఙ్గము అని, అనగా తాటి, వెదురు, కొయ్య, కొమ్ము అను ద్రవ్యభేదముచే, విండ్లను నాలుగు తెఱగులుగ విభజించినది. నారికి మూర్వ, అర్కము, శణము, గవేధువు, వేణువు, స్నాయువు అను నాఱింటిని జెప్పినది. మూర్వ మన చాగ, అర్కము జిల్లేడు, శణము జనుము. మౌర్వి యను పేరు మూర్వనుండి కలిగినదే. వేణువు నారి యగుట వింత గాదు. వెదురును సన్నని పేడుగ జీల్చి నారిగ గట్టుట భిల్లులలో గల యాచారమే.

అగ్నిపురాణమునందలి ధనుర్వేదభాగము నాలుగు హస్తముల విల్లు శ్రేష్ఠమనియు, మూడున్నర హస్తములది మధ్యమమనియు, మూడు హస్తములది కనిష్ఠమనియు నిర్ణయించినది. క్రీ. శ. రెండవ శతాబ్దమున గ్రీకు రచయిత యగు ఆర్రియన్, నెయార్కసు చెప్పిన దాని ననుసరించి, భారతీయ పదాతి విల్లు మనుష్యుని యెత్తుండుననియు, దానిని నేల మోపి యెడమకాలి నానించి నారిని లాగుదురనియు వ్రాసెను. ఇవన్నియు ద్రవ్యములును కొలతలునే. నాలుగు హస్తముల మేలు బద్దయైనను ఒక్కచోటనే వంగినచో నచ్చోటనే విఱుగును.

కవుల శ్లేష మఱికొంత దూరము పోయినది. వంశమనగా వెదురును కులమును. గుణమనగా నారియు సుగుణమును. నమ్రత యనగా వంపును వినయమును. సద్వంశమున బుట్టినను గుణము లేని విల్లు కొఱగాదని చెప్పుట కవులకు బరిపాటి. వంశము, గుణము, నమ్రత అను నీ మూటికి విల్లు చేయువాడు నాలుగవ దానిని జేర్చును. అదియే సమత.

ఈ సమత కొలబద్దకు లొంగనిదని తెలియుటకు సబ్బవరము వంటి తావు తగినది. 2022 ఏప్రిల్ 4వ తేదినుండి అనకాపల్లి జిల్లాలో జేరిన యీ యూరికి ఒక వంక రేవును ఉక్కు కర్మాగారమును గల విశాఖపట్టణము. మఱియొక వంక చోడవరము, మాడుగుల దాటినచో పాడేరు మన్యము. ఉక్కు కడ్డీని ఎచట గొలిచినను దాని బిగువు ఇంచుమించుగ నొక్కటియే. వెదురట్లు గాదు. మొదటికిని కొనకును మందము వేఱు. కణుపునకును కణుపు నడిమి భాగమునకును బిగువు వేఱు. పై పొర దట్టము, లోపలి భాగము మెత్తన. కావున ఒకే కొలతతో జెక్కిన రెండు బద్దలు ఒకే తీరున వంగవు.

ఇక క్రియాక్రమము. ముదురు వెదురును జీల్చి, నీడను లెస్సగ నాఱనిచ్చి, నడిమిని బట్టుకొఱకు మందముగ విడిచి, రెండు కొనలవైపు క్రమముగ సన్నగిలజేయవలెను. నారి లాగినప్పుడు బద్దను వంచు బలము నడుమ నెక్కువయై, కొనలకు బోవుకొలది తగ్గును; సన్నగిలజేయుటకు గారణ మిదియే. ఎదుటి దెసకు మరలు ముఖము సాగును, విలుకాని దెసనుండు ముఖము నొక్కుకొనును. వెదురు పై పొరలో నార దట్టముగ నుండుటచే సాగుటకు నదియే యోర్చును. కాన ఆ పొరను ఎదుటి ముఖముగ నుంచి, దానిని గత్తికి దగులనీయక, లోపలి ముఖమునే గీకవలెను. పై నార తెగినచో అచట పేడు లేచి విల్లు పోవును.

తరువాత కొప్పులకు వదులుగ పొడవైన త్రాడు గట్టి, బద్ద నడిమిని నిలువు కొయ్యపై నానించి, త్రాటిని కొంచెము కొంచెముగ గ్రిందికి లాగి, దూరమున నిలిచి వంపును బరీక్షింపవలెను. వంగక మొండిగ నున్న చోట బొగ్గుతో గుఱుతు పెట్టి, గుఱుతు చెఱగునంతమాత్రమే గీకి, మఱల పలుమాఱు లాగి చూడవలెను. మితిమీఱి వంగు చోటును ముట్టరాదు. దానికి మందు ఇరుప్రక్కలను గీకుటయే. సమత కుదురువఱకు నారిని నిండుగ లాగరాదు. లాగినచో బద్ద వంపును నేర్చి, నారి విప్పినను మఱల నిటారు గాదు.

ఇంతటి జాగ్రత్తకు గణితమున గారణము గలదు. బద్ద వెడల్పు రెట్టింపైనచో బిగువు రెట్టింపు మాత్రమే యగును. మందము రెట్టింపైనచో ఎనిమిది రెట్లగును. మందమున పదియవ వంతు గీకినంతనే బిగువు నాలుగవ వంతునకు మించి తగ్గును. కావుననే తుదిపని గొడ్డలితోను బాడిసతోను గాదు, కత్తి యంచుతో జేయుదురు. గీకినది మఱల నంటింప వీలు లేదు.

ఇతరదేశములందును ఈ క్రియకే పెద్దపీట. ఇంగ్లాండున రోజర్ ఆస్కం 1545లో బ్రకటించిన ధనుర్విద్యాగ్రంథమున, కొన్న వింటిని నేర్పరియగు పనివానికిచ్చి గీకించి, ఎల్లయెడల గుండ్రముగ వంగునట్లు దిద్దింపుమని యుపదేశించెను. ఆ యేటనే మునిగిన మేరీ రోజ్ అను యుద్ధనౌక 1982లో వెలికి దీయబడగా, అందలి విండ్లు నూటికి మించి దొరకినవి. అచట గ్రంథమును వస్తువును రెండును నిలిచినవి. మనకు గ్రంథమున నామములు నిలిచినవి. క్రియ మన్యమున చేతులలో నిలిచినది.

ఆ నిలుకడ యిప్పుడు సందేహాస్పదము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదులలో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి కొనిపోయినవి తుపాకులు. అయినను ప్రజల స్మృతియు శిల్పులును రాజు చేతికి విల్లునే యిచ్చిరి. మన్యమున చైత్రమందలి ఇటుకల పండుగకు విల్లంబులతో వేటకు వెడలుట యాచారము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. క్రీడారంగమున విజయవాడకు జెందిన జ్యోతి సురేఖ 2023లో హాంగ్ఝౌ ఆసియా క్రీడలందు మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆ విధమగు వింటియందు సమతను మరలు త్రిప్పి కుదుర్తురు. విగ్రహమునకు గాని, ఉత్సవమునకు గాని, క్రీడకు గాని బద్దను గీకు చేయి తప్పనిసరి కాదు.

కావున మన్యపు బడులయందలి పండితులకును, అచటి విద్యార్థుల పెద్దలతో బరిచయము గలవారికిని ఒక పని మిగిలియున్నది. మొండిచోటును, మితిమీఱి వంగు చోటును, కత్తి యంచుతో గీకుటను, త్రాడు గట్టి పరీక్షించుటను తెలుగునను గిరిజన భాషలయందును ఏమందురో విని, పలికినట్లే వ్రాసికొనవలెను. లస్తకము, అటని, మౌర్వి యను మాటల ప్రక్కన ఆ మాటలు నిలుచునప్పుడే మన నిఘంటువులందలి విల్లు ఎక్కుపెట్టుటకు బనికివచ్చును.