నారుమడి నుంచి పెరటికి

తెలుగు పల్లెలో పెరడు సాధారణంగా గ్రామకంఠంలో భాగం. గ్రామకంఠానికి శిస్తు లేదు. శిస్తు లేని నేలకు లెక్కలూ తక్కువే. అందువల్ల పొలంలో పండిన వరికీ చెరకుకూ రెవెన్యూ దస్తావేజులలో లభించే ఆధారాలు పెరటిలో కాసిన వంకాయకు లభించవు. దాని చరిత్రను మాటలలోను, మొక్కలలోను వెదకవలసి ఉంటుంది.

ఆ మాటలలో మొదటిది ‘నారు’. నారు పోసినవాడు నీరు పోయడా అనే సామెతను దైవంపై భరోసాకు వాడుతున్నా, దానికి పుట్టుక సేద్యగాని అనుభవంలోనే. నారు పోయడమంటే నెలరోజుల పోషణకు పూచీపడడం. నారుమడి, నారు పీకడం, నాటడం అనే మాటలు వరిచేనుకూ కూరమడికీ ఉమ్మడి సొత్తు. వరినాట్ల ప్రస్తావన కృషిపరాశరంలో ఉంది. మొక్కను ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చే విధానాన్ని క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో వివరించాడు. నేయి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగాలు, పాలు, పేడ కలిపి మొక్కకు మొదలంటా పూసి నాటాలని, వేసవిలో ఉదయసాయంకాలాలు నీరు పోయాలని ఆయన విధించాడు. ఇది వృక్షాలకు చెప్పినదే అయినా, తావు మారిన మొక్కకు తొలి గండం వేళ్ళకేనన్న గ్రహింపు కూరనారుకూ వర్తిస్తుంది. సాయంకాలం చల్లబడ్డాక నాటడం, నాటిన రెండు మూడు రోజులు నీడ కల్పించడం ఆ గ్రహింపు నుంచి వచ్చిన జాగ్రత్తలే.

పెరటి కూరలు స్థూలంగా రెండు తెగలు. బెండ, గోరుచిక్కుడు, ఆనప, బీర వంటివి విత్తిన చోటనే పెరుగుతాయి. వేరు కదిలితే కోలుకోవడం కష్టం. వంగ, మిరప, టమాటా, ఉల్లి, కాబేజీ, కాలీఫ్లవర్ నారు పోసి నాటేవి. ఈ రెండవ తెగలో అనాదిగా ఈ నేలను ఎరిగినది వంగ. మిరప అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకుల ద్వారా వచ్చింది. తెలుగువారు రామములగ అని పిలుచుకొన్న టమాటా ఆ తరువాత అదే ఖండం నుంచి చేరింది. ఈ మూడూ ఒకే కుటుంబపు మొక్కలు. మూడింటి గింజలూ చిన్నవి. లేతదశలో మూడింటికీ నారుకుళ్ళు భయమే. వంగనారు పెంచడం తెలిసిన ఇల్లాలికి మిరపనారు కొత్త విద్య కానక్కరలేదు. పరదేశపు పంటలు మన వంటింటికి ఇంతగా చేరువ కావడంలో ఈ పాత నేర్పు పాత్ర గణనీయమని భావించవచ్చు.

ప్రభుత్వాల దృష్టి పెరటిపై పడినది చాలా ఆలస్యంగా, అదీ తరచు కొరత కాలంలో. 1820లో విలియం కేరీ కలకత్తాలో స్థాపించిన వ్యవసాయోద్యాన సంఘం విత్తనాల, మొక్కల వ్యాప్తికి పూనుకొంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అధికాహారోత్పత్తి ఉద్యమం నడిచింది. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి తన అధికార నివాసంలోని పచ్చికను దున్నించి పంట వేయించి, ఇంటి ఆవరణలలో ఆహారం పండించవలసిందిగా ప్రజలను కోరారు. 1967లో బెంగుళూరు సమీపంలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఏర్పడింది. కొబ్బరిపొట్టు నింపిన 98 గుంటల ప్లాస్టిక్ ట్రేలలో, వల నీడలో నారు పెంచే పద్ధతి నేడు విస్తృతంగా ఉంది. గుంటకొక మొక్క గనుక పీకేటప్పుడు వేళ్ళు తెగవు. నర్సరీలో నారు కొని నాటుకొనే నగరవాసికి ఇది పెద్ద సౌకర్యం.

అయితే నారు కొనుగోలు వస్తువైన కొద్దీ విత్తనం ఇంటి నుంచి జారిపోతుంది. సంకర రకపు కాయ నుంచి తీసిన గింజలు తరువాతి ఏడు అదే గుణం చూపవు. పండిన కాయను ఎంచి, గింజ తీసి, బూడిదలో కలిపి దాచే అలవాటుకు అక్కడ పనిలేదు. 2001లో పార్లమెంటు ఆమోదించిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనాన్ని దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును రైతుకు గుర్తించింది. బీటీ వంకాయపై 2010లో జరిగిన బహిరంగ విచారణలకు వేదికలైన నగరాలలో హైదరాబాదు ఒకటి. ఒక కూరగాయ గింజ ఎవరిదన్న ప్రశ్న అక్కడ సభకెక్కింది. చట్టం హక్కును నిలబెట్టగలదు. అలవాటును మాత్రం ఇళ్ళే నిలుపుకోవాలి.

చారెడు గింజలతో పోసిన నారు ఒక పెరటికి ఎప్పుడూ ఎక్కువే. మిగిలిన మొక్కలు గోడ దాటి పొరుగింటికి, అక్కడి నుంచి ఆడపడుచు ఊరికి చేరేవి. ఏ దస్తావేజుకూ ఎక్కని ఆ పంపకమే ఒక్కొక్క ఊరి వంకాయకు ఒక్కొక్క రుచిని నిలిపింది. నేటి ఉద్యాన పథకాలు ఇళ్ళకు నారుతోపాటు గింజ కట్టుకొనే నాటురకాలనూ అందించగలిగితే, ఆ పంపకం తిరిగి సాగుతుంది.