ఆంగ్ల పదార్థ గ్రహణము – బ్రౌను నిఘంటుత్రయము

ఆంగ్లభాషలోని కఠినపదములను, వాని అర్థములను తెలుగువారు ఎట్లు నేర్చికొనిరి అను ప్రశ్న కేవలము పాఠశాలకు సంబంధించినది కాదు. 19వ శతాబ్ది పూర్వార్ధమున మద్రాసులోని ఉన్నత న్యాయస్థానములకును ప్రజలకును నడుమ ఆంగ్ల మెరిగిన తెలుగువారు కొందరు నిలిచియుండిరి. వెన్నెలకంటి సుబ్బారావు 1815 మొదలు 1829 వరకు సదర్ అదాలతులో భాషాంతరీకర్తగా పనిచేసెను. కాశీయాత్ర చరిత్రమును రచించిన ఏనుగుల వీరాస్వామయ్య సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉండెను. ఇట్టి పదవులలోనివారు ఒక మాటకు అర్థమును తప్పుగా గ్రహించినచో నష్టపడునది వారు కాదు. తన వ్యవహారము ఏ మాటపై తేలుచున్నదో ఎరుగని కక్షిదారు.

ఒక ఉదాహరణము చాలును. ‘ఎగ్జిక్యూషన్’ అను పదమునకు నిర్వహణ మని ఒకే అర్థము నేర్చిన విద్యార్థిని ఊహింతము. డిక్రీ విషయమున ఆ పదమునకు అమలు జరుపుట యని అర్థము. దస్తావేజు విషయమున వ్రాసి, చేవ్రాలు చేసి ఇచ్చుట యని అర్థము. మరణదండన పొందిన నేరస్థుని విషయమున ప్రాణము తీయుట యని అర్థము. అట్లే ‘సెంటెన్స్’ అనునది వ్యాకరణమున వాక్యము, నేరవిచారణలో శిక్ష. కావున పొడవైన పదమో, అరుదైన పదమో మాత్రమే కఠినమనుట సరికాదు. సందర్భము మారినంతనే అర్థము మారు పదము అంతకంటె కఠినము.

ఈ సంగతి మన ప్రాచీన విద్యకు తెలియనిది కాదు. అమరకోశమున తృతీయకాండములో నానార్థవర్గము కలదు. బాల్యముననే అమరము వల్లించినవానికి ఒక శబ్దమునకు పెక్కర్థము లుండుట వింత గాదు. అయినను ఏ యర్థము ఎచట గ్రాహ్యమో గురువు కావ్యమును వ్యాఖ్యానించుచు తెలుపవలసియుండెను. ఆంగ్లపదమునకు అట్టి గురువు సులభముగా లభింపడు. నిఘంటువే ఆ స్థానమును వహింపవలసి వచ్చెను.

కాని తొలి ద్విభాషా నిఘంటువులు ప్రధానముగా తెలుగు విద్యార్థి నుద్దేశించినవి కావు. 1812లో నెలకొన్న ఫోర్టు సెంట్ జార్జి కళాశాల కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకు ఏర్పడినది. విలియం బ్రౌను పదకోశము 1818లోను, కాంబెలు నిఘంటువు 1821లోను వెలువడినవి. కాంబెలు కృతికి మచిలీబందరు వాసియైన మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక ఆధారము. ఈ రెండును తెలుగు నుండి ఆంగ్లమునకు పోవునవి. ఆంగ్లము నుండి తెలుగునకు వచ్చు మారిసు నిఘంటువు 1835, 1839 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటితమైనది.

1852–1854 నడుమ వెలువడిన చార్లెసు ఫిలిప్ బ్రౌను నిఘంటువులు మూడింటిని ఈ దృష్టితో పరిశీలింపవలెను. ఆయన ఆంగ్ల-తెలుగు నిఘంటువు ముఖపత్రమే దాని ఉద్దేశమును తెలుపుచున్నది: అది ఆంగ్ల జాతీయములను, పదబంధములను తెలుగులో వివరించునది. ఆంగ్లేయునకు తన జాతీయములను తెలుగులో వివరింప నక్కరలేదు. కనుక ఈ గ్రంథము ఆంగ్లము నేర్చు తెలుగువానినిగూడ దృష్టియందుంచుకొన్నదని ఊహించుట అసంగతము కాదు. పదమునకు పదము నిచ్చుటతో తృప్తిపడక ప్రయోగమును వివరింపబూనుటయే ఇందలి విశేషము.

ఇంకొక చిక్కు కలదు. ఆంగ్ల వ్యవహారపదమునకు ఆనాటి తెలుగున నిజమైన సమానార్థకము పండితకోశములలో లభింపదు. పైని చెప్పిన ‘అమలు’, ‘దస్తావేజు’ అను మాటలు అరబ్బీ, పారసీకముల నుండి కచేరీల ద్వారమున వచ్చి తెలుగు రైతు నోట స్థిరపడినవి. ఆంధ్రదీపికవంటి కోశములకు ఇట్టివి లక్ష్యములు కావు. ఈ జాతి పదములకు బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకముగా ప్రకటించెను. ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువు సైతము కావ్యభాషతోపాటు వ్యవహారభాషను వివరింప బూనినదే. కావున ఈ మూడును వేర్వేరు గ్రంథములని తలంపరాదు. ఆంగ్లపదము యొక్క అర్థము మొదటిదానిలో ఆరంభమై, తక్కిన రెండింటిలో పూర్తి యగుచున్నది.

ఒక ఆంగ్లపదము, దాని కెదురుగ ఒక తెలుగుపదము అను పట్టికలను కంఠస్థము చేయించు పద్ధతి నేటికిని మన తరగతులలో తొలగిపోలేదు. పరీక్షకు అది చాలవచ్చును, అర్థమునకు చాలదు. పరిశోధక విద్యార్థులు ఒకే ఆంగ్లపదమును తీసికొని మారిసు, బ్రౌనుల ఆరోపములను ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలించినచో నిఘంటు చరిత్రయేగాక, ఒక జాతి పరభాషను అర్థము చేసికొనుటకు పడిన శ్రమయు గోచరించును. ఆ శ్రమకు ప్రేరణ పాండిత్య ప్రదర్శనము కాదు. కోర్టు మెట్ల మీద కూర్చున్న మనుష్యునకు తన తీర్పు తన భాషలో తెలియవలె ననుటయే దానికి మూలము.